డిమెన్షియాకు బ్రాహ్మి క్యాప్సూళ్లు: లేబుల్ చెప్పేది, వాడకంలో కనిపించేది

బ్రాహ్మి సారంతో తయారై, 'జ్ఞాపకశక్తికి తోడ్పడుతుంది' అన్న హామీతో అమ్ముడవుతున్న క్యాప్సూళ్లలో ఒకదాన్ని మా నాన్నగారికి కొన్ని నెలలపాటు వాడాము. ఆయనకు అల్జీమర్స్ తొలి దశలో ఉందని న్యూరాలజిస్టు నిర్ధారించి డోనెపెజిల్ మొదలుపెట్టిన తరువాత, ఆ మందును కొనసాగిస్తూనే, వైద్యుడికి ముందుగా చెప్పి, నాడి వేగాన్ని క్రమం తప్పకుండా చూసుకుంటామన్న షరతు మీద ఈ క్యాప్సూల్‌ను చేర్చాము. తయారీదారు పేరు రాయడం లేదు. ఇక్కడ రాస్తున్న వాటిలో చాలావరకు ఈ తరహా ఉత్పత్తులన్నిటికీ వర్తిస్తాయి కనుక ఒక్క సంస్థను వేలెత్తి చూపడం న్యాయం కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. క్యాప్సూల్ తయారీలో పెద్దగా వంక పెట్టవలసినదేమీ లేదు. అయితే డిమెన్షియాలో జారిపోతున్న జ్ఞాపకశక్తిని ఇది నిలబెడుతుందన్న ఆశతో కొనేవారికి మాత్రం నేను దీన్ని సిఫారసు చేయలేను.

ముందు సీసా మీది లేబుల్ సంగతి. మొక్క శాస్త్రీయ నామం బకోపా మోనియేరి అని స్పష్టంగా ముద్రించారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కానీ కాదు. నీటి బ్రాహ్మిని, అంటే ఈ బకోపాను, సరస్వతి ఆకును, అంటే సెంటెల్లా ఏసియాటికాను, రెండింటినీ బ్రాహ్మి పేరుతోనే అమ్మేవారున్నారు. ఈ రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన మొక్కలు, వాటిలోని రసాయనాలు వేరు, వాటి మీద జరిగిన పరీక్షలు వేరు. శాస్త్రీయ నామం లేని సీసాలో ఏ ఆకు ఉందో కొనేవారికి తెలిసే దారి లేదు. మేము వాడినదానిలో క్యాప్సూల్‌కు 300 మి.గ్రా. సారం, అందులో 50 శాతం బాకోసైడ్లు, అంటే ఈ మొక్కలో పనిచేస్తాయని భావించే రసాయనాలు, ఉన్నాయని రాశారు. మనుషుల మీద జరిగిన అధ్యయనాలలో ఎక్కువగా వాడిన మోతాదు కూడా రోజుకు 300 మి.గ్రా. సారమే కాబట్టి, ఈ అంకె గాలిలోంచి తీసినది కాదని ఒప్పుకోవాలి. బాకోసైడ్ల శాతం దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. అదే సారాన్ని కాంతి శోషణ పద్ధతిలో కొలిస్తే శాతం ఎక్కువగా కనిపిస్తుంది, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో ఒక్కొక్క అణువును విడదీసి కొలిస్తే బాగా తగ్గిపోతుంది. ఏ పద్ధతిలో కొలిచారో రాయకుండా 50 శాతం అని రాస్తే, మరో సంస్థవారి 20 శాతం సారం దానికంటే నాసిరకమని అనుకోవడానికి వీలు లేదు. మేము కొన్న సీసా మీద ఆ వివరం లేదు.

దానికన్నా ముఖ్యమైనది లోహాల పరీక్ష. నీటి బ్రాహ్మి చిత్తడి నేలల్లో, కాలువ గట్ల మీద పాకే మొక్క. నీటిలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను తనలోకి పీల్చుకునే గుణం దీనికి బాగా ఉండటం వల్ల, కలుషితమైన నీటిని శుభ్రం చేయడానికి పనికివస్తుందా అని కూడా శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలించారు. నీటిని శుభ్రం చేయడంలో మెచ్చుకోదగిన ఆ గుణమే క్యాప్సూల్‌లోకి వచ్చేసరికి ప్రమాదమవుతుంది. 2008లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో, ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే సుమారు అయిదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. ఆ ఉత్పత్తులలో కొన్ని లోహ భస్మాలు కలిపిన రసౌషధాలు, మరికొన్ని కేవలం మూలికలతో చేసినవి. మేము వాడిన క్యాప్సూల్‌కు ప్రతి బ్యాచికీ లోహ పరీక్ష ఫలితాలు అడిగితే పంపుతామని సీసా మీద రాశారు. అడిగితే పంపారు కూడా. ఈ ఒక్క విషయంలో ఆ సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఇక వాడకం. క్యాప్సూల్ పెద్దదే. మింగడంలో ఇబ్బంది మొదలైన వృద్ధులకు ఇది నిజంగా సమస్య. మా నాన్నగారు మాత్ర మింగినట్లే నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, క్యాప్సూల్‌ను దవడకు, బుగ్గకు మధ్య ఇరికించుకునేవారు. కాసేపటికి పైతొడుగు మెత్తబడి లోపలి పొడి నాలుకకు తగలగానే మొహం చిట్లించి ఉమ్మేసేవారు. ఆకుపచ్చ కలిసిన ముదురు గోధుమరంగు పొడి అది. పచ్చిగడ్డి ఎండినప్పటి వాసన, నాలుక చివరన మొదలై గొంతుదాకా పాకి ఎంతకూ వదలని చేదు. తొడుగు విప్పి పొడిని దేనిలోనైనా కలుపుదామంటే ఆ చేదు దేనిలోనూ దాగదు. పైగా ఈ మొక్కలోని సపోనిన్లు అనే నురగ పదార్థాలు కడుపు గోడను రేపుతాయి కాబట్టి పరగడుపున వేయకూడదు. తిన్న తరువాత, కొంత కొవ్వు ఉన్న ఆహారంతో ఇవ్వడం మంచిది. సంప్రదాయ వైద్యంలో బ్రాహ్మిని నేతిలో కాచి ఘృతంగా ఇచ్చే పద్ధతి ఉన్నది. బాకోసైడ్లు కొవ్వుతో కలిసినప్పుడు ఒంటికి మెరుగ్గా పడతాయన్న నేటి అవగాహనకు అది దగ్గరగానే ఉంది. భోజనం తరువాతే ఇచ్చినా మొదటి రోజుల్లో ఆయనకు కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు ఎక్కువ కావడం కనిపించాయి. అధ్యయనాలలో కూడా ఎక్కువమంది చెప్పిన ఇబ్బందులు ఇవే. మరొకరికైతే ఇది చిరాకు మాత్రమే కావచ్చు. కానీ తనకు కడుపులో నొప్పిగా ఉందని మాటల్లో చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి విషయంలో అది అలజడిగా, రాత్రి నిద్ర లేకపోవడంగా, కోపంగా బయటపడుతుంది. దాన్ని చూసి జబ్బు ముదిరిందని అనుకునే ప్రమాదం ఉంది.

ఫలితం ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు సీసాతో వచ్చిన కరపత్రం ఏ సమాధానమూ చెప్పదు. 'క్రమం తప్పక వాడితే తేడా మీకే తెలుస్తుంది' అని మాత్రం అంటుంది. డిమెన్షియాలో తేడా అలా తనంతట తెలియదు. అల్జీమర్స్ ఉన్న మనిషి కూడా ఒక రోజు తేటగా ఉంటాడు, మరొక రోజు మబ్బు కమ్మినట్లు ఉంటాడు. డిమెన్షియాలో మరో రకమైన లెవీ బాడీ డిమెన్షియా అయితే ఈ హెచ్చుతగ్గులే ఆ జబ్బు లక్షణాలలో ఒకటి. రాత్రి నిద్ర బాగా పట్టడం, మలబద్ధకం తీరడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తగ్గడం, వినికిడి యంత్రంలో బ్యాటరీ మార్చడం, ఇలాంటి ఏ కారణం వల్లనైనా ఒక వారం మెరుగ్గా గడవవచ్చు. ఆ వారంలో కొత్త క్యాప్సూల్ మొదలై ఉంటే పేరు దానికే వస్తుంది. ఖర్చు పెట్టి, శ్రమపడి, ఆశపడి ఇస్తున్న మనకు మంచి రోజులు గుర్తుండి చెడ్డ రోజులు జారిపోవడం మరో సంగతి. రోగి కన్నా పక్కనున్నవారి మీదే మందు ప్రభావం ముందు కనిపిస్తుందని ఒక వైద్యుడు నవ్వుతూ అన్న మాట నాకు కొంచెం కటువుగా తోచింది కానీ, అబద్ధమని మాత్రం తోచలేదు.

అందుకని క్యాప్సూల్ మొదలుపెట్టడానికి ముందునుంచే ఒక పుస్తకంలో కొన్ని సంగతులు రాసిపెట్టాము. మందు వేసుకున్నానా అని మళ్లీ మళ్లీ అడగడం, చొక్కా గుండీలు వరుస తప్పకుండా పెట్టుకోవడం, ఫోనులో మాట్లాడిన మనిషి పేరు గంట తరువాత చెప్పగలగడం, స్నానాల గది దారి తడుముకోవడం, ఇవన్నీ రోజువారీ జీవితంలో నిజంగా బరువు మోపే విషయాలు. రాసేది మా చెల్లెలు. క్యాప్సూల్ ఎప్పుడు మొదలైందో, మధ్యలో ఎప్పుడు ఆపామో ఆమెకు చెప్పలేదు. తరువాత పుస్తకం తిరగేస్తే, వేసుకున్న నెలలకు, ఆపిన రోజులకు మధ్య గీత గీయగలిగేంత భేదం ఏదీ కనిపించలేదు. గుండీల విషయంలో క్రమంగా తరుగుదలే ఉంది, క్యాప్సూల్ ఉన్నా లేకపోయినా. న్యూరాలజిస్టు దగ్గర జ్ఞాపకశక్తిని, ఆలోచనను చూసేందుకు 30 మార్కులకు చేసే ఎంఎంఎస్ఈ పరీక్షలో వచ్చిన మార్పు కూడా జబ్బు సహజంగా నడిచే తీరులోనే ఉందని ఆయన చెప్పారు. ఒక్క మనిషి మీద ఒక ఇంట్లో చేసిన ఈ పరిశీలన ఏ సిద్ధాంతాన్నీ నిరూపించదు. 'మా ఇంట్లో బాగా పనిచేసింది' అని రాసే సమీక్షలు కూడా అదే కారణం చేత ఏమీ నిరూపించవు.

కనుక పరిశోధనలు చెప్పేది చూడాలి. బకోపా మీద ఉన్న మంచి అధ్యయనాలలో చాలావరకు ఆరోగ్యంగా ఉన్నవారి మీద జరిగినవే. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో 55 ఏళ్లు దాటిన 98 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, కొందరికి 300 మి.గ్రా. సారం, మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర 12 వారాలు ఇచ్చారు. సారం తీసుకున్నవారు విన్న పదాల జాబితాను గుర్తుచేసుకోవడంలో కొంత మెరుగయ్యారు. ఇది విలువైన ఫలితమే. కానీ ఆరోగ్యంగా ఉన్న మెదడు పదాల జాబితాను మరికాస్త బాగా పట్టుకోవడం వేరు, నాడీకణాలే నశిస్తున్న మెదడు నిన్నటి రోజును పట్టుకోవడం వేరు. మొదటిదాన్ని చూపి రెండోదానికి అమ్మడం ఈ ఉత్పత్తులన్నిటిలోనూ కనిపించే లోపం. అల్జీమర్స్, తేలికపాటి మతిమరుపు ఉన్నవారి మీద చేసిన పరీక్షలు చాలా తక్కువ. 2020లో వచ్చిన ఒకదానిలో 48 మంది రోగులను రెండు జట్లుగా చేసి ఏడాదిపాటు ఒక జట్టుకు రోజుకు 300 మి.గ్రా. బ్రాహ్మి, మరొక జట్టుకు 10 మి.గ్రా. డోనెపెజిల్ ఇచ్చారు. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని 'అల్లోపతి మందుతో సమానం' అని చదువుకోవడం సులభం. కానీ ఉత్తుత్తి మాత్ర తీసుకున్న జట్టు లేదు, ఉన్న మనుషులు కొద్దిమంది. అంత చిన్న పరీక్షలో తేడా కనిపించకపోవడం అంటే తేడా లేదని కాదు, ఉన్నా పట్టుకునే శక్తి ఆ పరీక్షకు లేకపోవచ్చు. పైగా పోలికకు నిలబెట్టిన డోనెపెజిల్ కూడా మహా మందేమీ కాదు. జ్ఞాపకశక్తిని, ఆలోచనను కొలిచే 70 మార్కుల అడాస్-కాగ్ కొలబద్ద మీద అది ఇచ్చే లాభం సుమారు మూడు మార్కులకు లోపే. అది జబ్బును ఆపదు, కొంతకాలం లక్షణాలను కాస్త అదుపులో ఉంచుతుంది.

జ్ఞాపకశక్తి పేరుతోనే అమ్ముడయ్యే జింగో (ఒక చెట్టు ఆకుల సారం) సంగతి ఇంతకంటే స్పష్టం, ఎందుకంటే దాని మీద పెద్ద పరీక్షలు జరిగాయి. అమెరికాలో 75 ఏళ్లు, ఆపై వయసున్న 3,069 మందిలో కొందరికి జింగో, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సగటున ఆరేళ్లపాటు గమనించిన అధ్యయనం 2008లో వెలువడింది. రోజుకు రెండుసార్లు 120 మి.గ్రా. జింగో సారం తీసుకున్నవారిలోనూ డిమెన్షియా రావడం తగ్గలేదు. 2012లో వచ్చిన ఫ్రెంచి అధ్యయనంలోనూ అంతే. బ్రాహ్మికి ఇంత పెద్ద పరీక్ష జరగలేదు కనుక అది విఫలమైందని అనలేము, గెలిచిందని అంతకన్నా అనలేము.

ఇంత చెప్పాక, మూలికలంటే నాకు చిన్నచూపని ఎవరైనా అనుకోవచ్చు. అది నిజం కాదు. ఇప్పుడు అల్జీమర్స్‌కు వైద్యులు రాసే మందులలో గాలంటమైన్ అనేది స్నోడ్రాప్ అనే తెల్లపూల దుంప మొక్క నుంచి 1950లలో వెలికితీసిన పదార్థం. రివాస్టిగ్మిన్ వెనుక కాలబార్ చిక్కుడు గింజలో దొరికే ఫైసోస్టిగ్మిన్ ఉంది. ఆ మొక్కలకు, మన బ్రాహ్మికి తేడా పుట్టుకలో లేదు, ఆ తరువాత నడిచిన దారిలో ఉంది. వాటిలోని క్రియాశీల పదార్థాన్ని వేరుచేశారు, ఎంత మోతాదు పనిచేస్తుందో, ఎంత దాటితే గుండె లయ తప్పుతుందో తేల్చారు, రోగుల మీద ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. చరక సంహితలో మేధ్య రసాయనాలుగా, అంటే బుద్ధిబలాన్ని పెంచేవిగా, చెప్పిన నాలుగు ద్రవ్యాలు మండూకపర్ణి, యష్టిమధు, గుడూచి, శంఖపుష్పి. వాటిలో బ్రాహ్మి లేదు. బ్రాహ్మీ ఘృతం అపస్మార (మూర్ఛ) చికిత్సలో వస్తుంది. అంటే 'వేల ఏళ్లుగా మతిమరుపుకు వాడుతున్న బ్రాహ్మి' అన్న కరపత్రం మాట, అది ఏ గ్రంథాన్ని సాక్ష్యంగా తెచ్చుకుంటోందో ఆ గ్రంథం చెప్పినదానికే సరిగ్గా సరిపోదు.

ఆ కరపత్రం మీద నా అసలు ఫిర్యాదు మరొకటి. సీసా మీద 'ఏ వ్యాధినీ నయం చేయడానికి ఉద్దేశించినది కాదు' అని చిన్న అక్షరాల్లో రాసి, లోపలి కాగితంలో మాత్రం 'ఇతర మందులపై ఆధారపడటాన్ని క్రమంగా తగ్గించుకోవచ్చు' అని రాశారు. డోనెపెజిల్‌ను, అల్జీమర్స్‌కే వాడే మరో మందు మెమాంటిన్‌ను ఇంట్లోనే తగ్గించేయడానికి ఈ ఒక్క వాక్యం చాలు. అలా ఆపినప్పుడు ఉన్న కొద్దిపాటి మెరుగు కూడా పోయి, కొందరిలో తిరిగి రాకపోవచ్చు. 2019 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అల్జీమర్స్‌ను నయం చేస్తామన్నట్లుగా ఉత్పత్తులు అమ్ముతున్న 17 సంస్థలకు హెచ్చరిక, సలహా లేఖలు పంపింది. వాటిలో చాలా వరకు ఇలాంటి ఆహార పూరకాలే. చట్టం కళ్లుగప్పి రాసే ఈ రెండు నాలుకల రాతకు సమీక్షలో మార్కులు తగ్గించకుండా ఉండలేను.

భద్రత గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే 'మూలికే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు' అన్న మాట ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. డోనెపెజిల్ జాతి మందులు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. ఆ కారణంగానే కొందరిలో నాడి మందగిస్తుంది, కళ్లు తిరిగి పడిపోతారు. బ్రాహ్మికీ ఈ గుణం కొంత ఉన్నట్లు ప్రయోగశాల పరీక్షలు చూపాయి. రెండూ కలిసినప్పుడు వృద్ధుల గుండె మీద పడే భారాన్ని తేలికగా తీసుకోకూడదు. నాన్నగారి నాడిని మణికట్టు దగ్గర రోజూ ఉదయం లెక్కపెట్టాలని వైద్యుడు పట్టుబట్టింది ఇందుకే. గుండె లయలో లోపం, ఉబ్బసం, కడుపులో పుండు, మూత్రం ఆగడం, మూర్ఛ ఉన్నవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైములను బ్రాహ్మి సారం నెమ్మదింపజేస్తుందని కూడా ప్రయోగశాలలో తేలింది. వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందు వాడేవారిలో మోతాదు కాస్త అటూ ఇటూ అయినా రక్తస్రావం కావచ్చు కాబట్టి వారు వైద్యుడిని అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. బ్రాహ్మితో పాటు జింగో కూడా కలిపిన 'మెమరీ' మిశ్రమాలైతే రక్తస్రావం విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఎలుకలలో బ్రాహ్మి థైరాయిడ్ హార్మోనును పెంచినట్లు కనిపించింది. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు ఈ సంగతి చెప్పి పరీక్షలు చేయించుకోవడం మేలు.

క్యాప్సూల్ మింగలేనివారికి, బ్రాహ్మిని పులియబెట్టి చేసే ద్రవ ఔషధం సారస్వతారిష్టం ఇవ్వవచ్చా అని అడిగేవారుంటారు. అరిష్టాలలో పులియబెట్టడం వల్ల తనంతట తయారయ్యే ఆల్కహాలు 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. తీపి కూడా ఉంటుంది. నిద్రమాత్రలు వాడుతూ, అడుగు తడబడుతున్న వృద్ధుడికి, అందులోనూ మధుమేహం ఉంటే, అది క్యాప్సూల్ కన్నా మెరుగైన దారి కాదు. స్వర్ణభస్మం వంటి లోహ భస్మాలు చేర్చిన వటీల (ఆయుర్వేద మాత్రల) జోలికి పోవద్దని నా సలహా.

ఇక్కడొక పక్కమాట. ఇంట్లో పెద్దవారికి మతిమరుపు మొదలైందని గమనించగానే నేరుగా ఇలాంటి సీసా కొనేసే అలవాటు నాకు ఈ ఉత్పత్తి కన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. బీ12 లోపం, థైరాయిడ్ మందగించడం, కుంగుబాటు, మెదడు పొర కింద రక్తం చేరడం, వినికిడి తగ్గడం, నిద్రకో జలుబుకో వేసుకునే పాతరకం అలర్జీ మాత్రలు, ఇవన్నీ మతిమరుపుగా కనిపిస్తాయి. వీటిలో చాలా వాటిని సరిచేయవచ్చు. రక్తపరీక్ష, స్కానింగ్ జరగకుండా క్యాప్సూల్‌తో గడిపే ప్రతి నెలా సరిదిద్దగల కారణాన్ని సరిదిద్దకుండా వదిలేసిన నెల కావచ్చు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన కమిషన్ డిమెన్షియాకు సవరించగల 14 ప్రమాద కారణాలను పేర్కొంది. వినికిడి లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, చూపు మందగించడం, ఒంటరితనం అందులో ఉన్నాయి. సిద్ధాంతరీత్యా దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను వీటి ద్వారా నివారించడమో, వాయిదా వేయడమో చేయవచ్చని అంచనా వేసింది. మా పుస్తకంలో నాన్నగారి రోజులు నిజంగా తేలికపడినట్లు కనిపించిన వారాలు వినికిడి యంత్రం సరిచేయించిన తరువాతివే.

ఇదంతా తెలిసీ కొనాలనుకునేవారు కొన్ని చూసుకోవాలి. మొక్క శాస్త్రీయ నామం, సారం మి.గ్రా.లలో ఎంతో, బాకోసైడ్ల శాతం ఏ పద్ధతిలో కొలిచారో, బ్యాచి వారీ లోహ పరీక్ష ఫలితాలు ఉన్నాయో లేదో చూడాలి. పలు మూలికల మిశ్రమం కాక ఒక్క బ్రాహ్మి మాత్రమే ఉన్నది ఎంచుకుంటే, ఇబ్బంది వచ్చినప్పుడు కారణం వెతకడం తేలిక. మొదలుపెట్టే ముందే దేనిని గమనించాలో రాసిపెట్టుకుని, 12 వారాల తరువాత తేడా లేకపోతే ఆపేస్తామని కుటుంబంలో అందరూ అనుకోవాలి. గడువు లేకపోతే ఆశ పేరుతో సీసా తరువాత సీసా వస్తూనే ఉంటుంది. వైద్యుడికి చూపే మందుల చీటీలో దీని పేరు, మోతాదు కూడా రాయాలి. ఏదైనా ఆపరేషన్ నిర్ణయమైతే మత్తు ఇచ్చే వైద్యుడికి ముందుగానే చెప్పి, ఎప్పుడు ఆపాలో ఆయననే అడగాలి. మేము నాన్నగారి కంటి ఆపరేషన్‌కు ముందు ఆపిన క్యాప్సూల్‌ను, పుస్తకం చూసుకున్న తరువాత, మళ్లీ మొదలుపెట్టలేదు.